బొట్టంత మందు

నకిరేకల్‌లో చర్మం డాక్టరు కౌసర్‌కు మధ్యాహ్నమయ్యేసరికి మెడ నిలబడదు. బయట వరుస తరగదు, బల్ల మీద కాగితాలూ తరగవు. పిల్లల ఎగ్జిమాకు వైద్యం ఎట్లా చేయాలో చెప్పే మార్గదర్శకాలవి. చదివి, ఒక్కో సూచన ఎంత స్పష్టంగా ఉందో ఏడు మార్కులకు ఎన్నో వేసి, రాసినవాళ్లకు పంపాలి. ‘మందు ధారాళంగా పూయాలి’ అన్న మాట స్పష్టంగా ఉందని ఇందాకే ఏడు వేసింది. కళ్లద్దాలు నెత్తిమీదికి తోసి, కళ్లు నలుపుకుంటూ తలెత్తింది.

ఎదురుగా నాగులమ్మ, ఒళ్లో మనవరాలు. పిల్ల మోచేతి మడతలు పోయిన నెలలాగే పగిలి ఉన్నాయి. “మందు పూస్తలేవా అవ్వా?” “అయ్యో, నువ్వు జెప్పినట్టే మస్తుగ పూస్తున్న డాక్టరమ్మా. రోజూ గింత,” అంటూ నాగులమ్మ వేలికొస మీద బొట్టంత చూపింది. “ట్యూబు జల్ది అయిపోతె ఎట్ల?” కౌసర్ ఆ ఏడును కొట్టేసి ఒకటి వేసింది. పొద్దటి నుంచి వచ్చిన తల్లులందరికీ తను చెప్పి పంపింది కూడా ‘మస్తుగ పూయుండ్రి’ అనే.