అర్జీ తాతయ్య ఆఖరి అర్జీ

అర్జీ తాతయ్యకు ఉన్న గుణం ఒక్కటే. ఎదురుగా ఏ వస్తువు కనపడినా దాని మీద ఒక అర్జీ రాయనిదే ఆయనకు ముద్ద దిగదు. ఊరు మారితే కొందరికి నీళ్ళు పడవు, కొందరికి నిద్ర పట్టదు. ఈయన కాగితం అడుగుతాడు.

రగ్బీ లీగు అంతర్జాతీయ పోటీలకు పదహారు దేశాల వాళ్ళు వచ్చి ఒకే హాస్టల్లో దిగారు. ఆడవాళ్ళ జట్లు, చక్రాల కుర్చీల జట్లు, చెవులు వినపడనివాళ్ళ జట్లు, యాభై దాటిన పెద్దల జట్లు. కోలగా ఉండే బంతిని వెనక్కి విసురుతూ ముందుకు పరిగెత్తాల్సిన ఆట అది. సంసారం చేసినవాళ్ళకు దాన్ని ప్రత్యేకంగా వివరించక్కర్లేదు. తాతయ్య పెద్దల జట్టు మనిషి. నలభై ఏళ్ళు లిఫ్టులు బాగుచేసి, అరవై ఎనిమిదో ఏట మొదటిసారి దేశం దాటాడు.

పోటీల ఆఫీసులో అర్జీలు తీసుకోవడానికి ఒక గుమాస్తా ఉంది. మామూలు రోజుల్లో గ్రంథాలయంలో పుస్తకాలిచ్చే మనిషి కాబట్టి వింత మనుషులు ఆమెకు కొత్త కాదు. అయినా మొదటి రోజు పొద్దున్నే బల్ల ముందు తాటిచెట్టులాంటి ఆకారం వచ్చి నిలబడేసరికి కాస్త తడబడింది.

"అమ్మాయ్, స్నానాలగదిలో అద్దం మరీ ఎత్తులో ఉంది. నా మొహం నాకు కనపడట్లేదు."

ఆమె తలెత్తింది. ఇంకా ఎత్తింది. ఆయన మొహం దొరికేసరికి మెడ పట్టేసింది.

"మీకా తాతగారూ?"

"నాకే. రాసుకో."

మర్నాడు భోజనశాల తలుపు ఇరుకన్నాడు. తను పట్టడం లేదట. పక్కకు తిరిగితే గోడకు ఆనించిన కర్ర అనుకునే మనిషి ఆ మాట అంటే, గుమాస్తా దగ్గు వచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మూడో రోజు లిఫ్టు మీటలు అందడం లేదన్నాడు. జీవితమంతా లిఫ్టుల్లోనే గడిపిన మనిషి, చెయ్యెత్తితే లిఫ్టు కప్పు తగిలే మనిషి. ఆయన నస వదిలించుకుందామని పనివాళ్ళు అద్దం దించారు, తలుపు రెక్క ఊడదీశారు, మీటలు కింద బిగించారు. ఆయన చూసి తృప్తిగా ఇంకో కాగితం అడిగాడు.

ఇక నిక్కరు గొడవ. పెద్దల ఆటలో మర్యాదంతా నిక్కరు రంగులోనే ఉంటుంది. తెల్ల నిక్కరువాణ్ణి పట్టి పడేయొచ్చు. ఎర్ర నిక్కరువాణ్ణి పట్టుకుని ఆపొచ్చు కానీ పడేయకూడదు. డెబ్బై దాటినవాళ్ళది బంగారు రంగు. వాళ్ళను అసలు ముట్టుకోకూడదు.

"ఎరుపు నాకు నప్పట్లేదు. బంగారు రంగుది ఇప్పించు."

"మీకింకా రెండేళ్ళుంది తాతగారూ."

"నప్పడానికి వయసుతో పనేముంది?"

రెండు వారాలు తిరక్కుండానే అర్జీలు ముప్ఫై రెండయ్యాయి. పోటీల కార్యదర్శి ఓపిక కూడా అక్కడితో అయిపోయింది. గుమాస్తా చేతిలో ఒక కాగితం పెట్టాడు. "ఇంకెప్పుడూ అర్జీ పెట్టనని దీని మీద సంతకం చేయించు. చేస్తే రేపు ఆడతాడు. చేయకపోతే ఆట లేదు."

పన్నెండు రోజులుగా మైదానం పక్కన బల్ల మీదే కూర్చున్న తాతయ్యకు రేపటిదే మొదటి ఆట, రేపటిదే ఆఖరి ఆట.

పిలవకుండానే వచ్చాడాయన, ముప్ఫై మూడో కాగితంతో.

"రిఫరీ విజిలు నాకు వినపడట్లేదు. చేతిలో జెండా కూడా పట్టుకొమ్మను. రేపు పొద్దుటి నుంచే."

రెండు గదుల అవతల కార్యదర్శి ఎవరితోనో గుసగుసగా అన్నాడు. "వచ్చాడా ఆ నస ముసలాయన?"

"వచ్చాడు నాయనా, పనిలో ఉన్నాడు," అన్నాడు తాతయ్య, తల తిప్పకుండా.

గుమాస్తా కలం ఆగిపోయింది. రేపు పొద్దుట ఆట చెవులు వినపడనివాళ్ళది. పెద్దల ఆట మధ్యాహ్నానికి గానీ లేదు.

ఆమె పాత అర్జీల కట్ట విప్పింది. అద్దం. దించిన మర్నాడు దాని ముందు చక్రాల కుర్చీలో కూర్చుని, జట్టు నాయకురాలు తీరిగ్గా జడ వేసుకోవడం తను చూసింది. తలుపు. మీటలు. ఆఖరికి బంగారు నిక్కరు కూడా. జట్టు మొత్తానికి ఆ రంగు వేసుకోవాల్సింది డెబ్బై దాటిన వడ్రంగి పెద్దాయన ఒక్కడే. "నన్ను ముట్టుకోని ఆట నాకెందుకు?" అని ఆయన పెట్టె సర్దుకున్నాడు. ఈయన అదే నిక్కరు కోసం కొట్లాడేసరికి, అదేదో గొప్పదే కాబోలనుకుని పెట్టె మళ్ళీ విప్పాడు.

"తాతగారూ, మీ చెవులు భేషుగ్గా ఉన్నాయి."

"ఒక్కోపూట ఉంటాయి."

"వాళ్ళకోసమని రాయొచ్చుగా?"

"లిఫ్టు ఆగిపోతే లోపలివాళ్ళు తొందరగా అరవరమ్మా. సిగ్గు. మెట్లెక్కలేక బయట చిందులు తొక్కేవాడే నన్ను పిలిచేవాడు. వాడి నస వల్ల లోపలివాళ్ళు బయటపడేవాళ్ళు, ఎవరికీ దణ్ణం పెట్టక్కర్లేకుండా. నాకంటావా, కొత్తగా పోయే పరువేం లేదు."

ఆమె కార్యదర్శి ఇచ్చిన కాగితం ముందుకు జరిపింది. "దీని మీద సంతకం పెడితే మీ విజిలు అర్జీ చెల్లదు. అర్జీ ఇస్తే రేపు మీకు ఆట లేదు."

ఆయన రెండు కాగితాలనూ మార్చి మార్చి చూశాడు. అర్జీని ఆమె వైపు తోశాడు. "బల్ల మీద కూర్చోవడం అలవాటేలే. కాకపోతే ఆ బల్ల కూడా కాస్త గట్టిగా ఉంది. సరే, అది వదిలెయ్."

గుమాస్తా అర్జీ మీద ఆయన పేరు కొట్టేసి, తన పేరు రాసింది. ‘ఆఫీసు కిటికీ దగ్గర కూర్చుంటే రిఫరీ విజిలు నాకు వినపడటం లేదు’ అని దిద్ది, కింద తేదీ వేసింది.

"ఇప్పుడు ఆ రెండోదాని మీద సంతకం పెట్టండి."

తాతయ్య చదువుకున్నాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదువుకున్నాడు.

"నీ దస్తూరి బాగాలేదమ్మాయ్."

"ఇది అర్జీయా?"

"అభిప్రాయం," అని సంతకం పెట్టాడు.

మర్నాడు పొద్దుట రిఫరీ ఒక చేత్తో విజిలు, ఒక చేత్తో జెండా పట్టుకుని దిగాడు. చెవులు వినపడని కుర్రాళ్ళు ఆట ఆగిందో లేదోనని పక్కవాళ్ళ మొహాలు చూసుకోకుండా, బంతి మీదే కళ్ళు పెట్టి ఆడారు. మధ్యాహ్నం పెద్దల ఆటలో వడ్రంగి పెద్దాయన బంగారు నిక్కరులో కొత్త పెళ్ళికొడుకులా నడిచాడు. ఎర్ర నిక్కరులో తాతయ్యకు బంతి ఒక్కసారే దొరికింది. పడేయకూడదని నియమం ఉన్నా ఆయన లక్ష్యపెట్టలేదు. తనంతట తనే పడ్డాడు.

ఆట అయ్యాక రొప్పుతూ గుమాస్తా దగ్గరకు వచ్చి నడుం పట్టుకున్నాడు.

"అమ్మాయ్, ఈ మైదానం..." అని, సంతకం గుర్తొచ్చి నోరు మూసుకున్నాడు.

ఆమె సంచిలోంచి కాగితం తీసి, కలం మూత విప్పింది.

"నిజమే తాతగారూ, నాకూ అలాగే అనిపిస్తోంది. ఎంత పొడుగెక్కువైందని రాయమంటారు?"