బొజ్జన్న విప్పని కట్టు

కోయిలకుంట్ల చుట్టుపక్కల ఎముక విరిగితే అందరూ బొజ్జన్న దగ్గరికే పోయేవారు. ఆయన గొర్రెల కాపరి. కాలు విరిగిన గొర్రెలకు కట్టి కట్టి మనుషులకూ కట్టడం నేర్చాడు. 1955 వేసవిలో మా ఆరేళ్ల అమ్మాయి రాజ్యం ఎద్దులబండి మీంచి పడి మోకాలి కింద ఎముక విరిగినప్పుడు, కోడిగుడ్డు సొన, మినప్పిండి పూసి, తొడ నుంచి మడమ దాకా వెదురుబద్దలతో కట్టింది ఆయనే.

ఆరు వారాలకు విప్పాలి. అప్పుడు అమావాస్య దగ్గర పడిందని వారం ఆపాడు. ఆ వారం గడిచేసరికి ఆయన కోడలు ప్రసవించింది. పురిటి మైలలో కట్టు ముట్టరాదు, ఇంకో పదకొండు రోజులు ఆగమన్నాడు.

హైస్కూల్లో సైన్సు చెప్పే నాకు నిద్ర పట్టలేదు. కీళ్లలో ఎముకల కొనలను కప్పి ఉండే మృదులాస్థికి రక్తనాళాలు లేవు. కీలులోని ద్రవమే దానికి తిండి. కాలు కదిలినప్పుడల్లా తడిగుడ్డను పిండి వదిలినట్టు ఆ ద్రవం లోపలికీ బయటికీ ఆడుతుంది. కదలకపోతే పస్తే. విరిగిన ఎముక అతుక్కుంటుంది కానీ, చెడిన మృదులాస్థి మళ్లీ సరిగా పెరగదు.

మైల నాలుగో రోజు బొజ్జన్న వాకిట్లో నిలబడి ఇదంతా చెప్పాను.

"నెత్తురు లేకుండా బతికేది యాడన్నా ఉంటాదా, టీచరమ్మా?" అని నవ్వాడు.

"గొర్రె కీలు కోసినప్పుడు తెల్లగా, నున్నగా జారుతుందే, అదే. దాంట్లో నెత్తురు చూశావా?"

నవ్వు ఆగింది. గడ్డం గీరుకున్నాడు. "లేదు. గొర్రెకైతే కీలు ఇడిసే కడతా. కుంటుకుంటా మేతకు పోతాది. పిల్లోల్లు మాట ఇనరని వాళ్లకు కీలు గూడా బిగిస్తా."

"మైలలో కట్టిప్పినావంటే రేపు నీ తట్టు కుక్క గూడా రాదు!" లోపల్నించి భార్య భీమమ్మ అరిచింది.

"నేను ముట్టనులేవే. టీచరమ్మే కోస్తాది."

ఆయన మా అరుగు అవతల వీధిలో నిలబడి చెబుతుంటే, నేను కత్తెరతో కట్టు కోశాను. ఎముక అతుక్కుంది. పిక్క పుల్లలా అయింది. మడమ కింద చెయ్యి పెట్టి మోకాలు వంచితే కాస్త వంగి ఆగిపోయింది. రాజ్యం గావుకేక పెట్టింది.

"మీ పుస్తకంలో ఏం రాసినారమ్మా, వంగుతాదా?"

"ఇన్నాళ్ల పస్తుకు ఎంత చెడుతుందో రాయలేదు."



"నేను మైల సూస్కుంటి, పిల్ల కీలు సూడకపోతి," అన్నాడు బొజ్జన్న. "ఇంగోసారి వంచమ్మా, మెల్లగా. నేనీడనే ఉంటా."