సుభద్ర ఆంటీ భయం

ఆఫీసు ప్రింటర్‌లోంచి అప్పుడే వచ్చిన కాగితం వేడి చేతికి తగిలితే చాలు, సుభద్ర ఆంటీ గుర్తుకొస్తారు. ఆవిడ నాకు చుట్టం కాదు. అమెరికాలో, ఫార్మింగ్టన్ హిల్స్ అనే ఊళ్ళో మా వీధి చివర ఉండేవారు. ఇక్కడి కాలేజీలో అమెరికా చరిత్ర చెప్పి రిటైరై, శనివారాలు లైబ్రరీలో పౌరసత్వ పరీక్షకు ఉచితంగా పాఠాలు చెప్పేవారు. పెద్ద కోర్టుల తీర్పులు ప్రింట్ తీసి చదవనిదే ఆవిడకు తోచేది కాదు. అప్పట్లో నాకు పౌరసత్వం ఆమడ దూరం. మా ఆయన ఉద్యోగ వీసా మీద భార్యగా వచ్చి, పనిచేసే హక్కు లేక, ఆరేళ్ళు ఇంట్లో కూర్చుని విసిగిపోయి ఆ క్లాసుకు వెళ్ళేదాన్ని.

పరీక్షలో రాని ప్రశ్నలంటేనే ఆవిడకు ఇష్టం. "ఈ దేశం పుట్టిన కొత్తలో జనం కేంద్రం నియమించే ఫెడరల్ జడ్జీలంటే ఎందుకు భయపడ్డారు?" అని అడిగి, మేం బిక్కమొహాలు వేస్తే తనే చెప్పేవారు. "రాజును వదిలించుకున్నవాళ్ళు కదా! ఈ జడ్జీలను ఓటేసి దింపలేం, జీతం కోయలేం, తప్పు చేయనంత కాలం కుర్చీ వాళ్ళదే. రాజ్యాంగానికి వాళ్ళు చెప్పిందే అర్థం. వీళ్ళూ రాజులైపోతే ఎలా అని." సైన్యం, ఖజానా రెండూ చేతిలో లేనివాళ్ళంటే భయమెందుకని రాజ్యాంగాన్ని సమర్థించే అవతలివాళ్ళు సర్దిచెప్పారట. "ఎవరిది కరెక్ట్ ఆంటీ?" అంటే, "ఇంకా తేలలేదమ్మా," అని నవ్వేవారు. ఎప్పటి గోలో మనకెందుకని నేను లోలోపల విసుక్కునేదాన్ని.

తర్వాత నాలాంటి భార్యలకు వర్క్ పర్మిట్లు ఇచ్చారు. నాకు ల్యాబ్‌లో ఉద్యోగం దొరికింది. అంతలోనే ఆ పర్మిట్లు చెల్లవని కొందరు కోర్టుకెక్కారు. "నా మొహం కూడా చూడని ఒక్క మనిషి నా ఉద్యోగం ఉంచాలో తీయాలో చెప్తాడా?" అని ఆంటీ ముందు గొంతు చించుకున్నాను.

"ఆ రోజుల్లో వాళ్ళూ అదే అడిగారమ్మా," అన్నారావిడ.

తీర్పు మాకు అనుకూలంగా వచ్చింది. ల్యాబ్ నుంచి నేరుగా ఆంటీ ఇంటికి డ్రైవ్ చేశాను, దారంతా ఏడుస్తూ. "ఆంటీ, పర్మిట్లు క్యాన్సిల్ చేయలేదు!" ఆవిడ నన్ను గట్టిగా కౌగిలించుకున్నారు. వెంటనే ప్రింట్ తీసిన తీర్పు చేతిలో పెట్టి, "ముందు ఓడినవాళ్ళ సంగతి చదువు," అన్నారు.

నాకు ఒళ్ళు మండింది. "ఆరేళ్ళు వంటింట్లో మగ్గాను. వాళ్ళ గోల నాకెందుకు?"

"ఒక్క పేజీ చదువమ్మా."

చదివాను. కేసు వేసినవాళ్ళలో ఒక అమెరికన్ ఉద్యోగికి యాభై దాటాయి. వీసా మీద వచ్చిన మనిషికి తన పనంతా నేర్పించి, ఆ కుర్చీ అప్పగించి, ఉద్యోగం పోయి ఇంటికి వెళ్ళిపోయాడు. జడ్జి అతని మొహమూ చూసి ఉండడేమో.

ఆంటీ కాఫీ కలుపుతూ, నా వైపు తిరక్కుండానే అన్నారు. "ముప్పై ఏళ్ళు పిల్లలకు ఆ భయం గురించి పాఠం చెప్పాను. తీరా ఇవాళ, తీర్పు నీ వైపు రాయాలని పొద్దున్నించీ దణ్ణాలు పెడుతూ కూర్చున్నా. దేవుడికి కాదే, ఆ జడ్జికి! సిగ్గేస్తోంది."

ఆంటీ పోయారు. ఇన్నేళ్ళకు నాకు పౌరసత్వం వచ్చింది, ఓటూ వచ్చింది. అయినా మనవాళ్ళ బతుకుల మీద ఏదో కోర్టు తీర్పు చెప్పబోతోందని తెలిస్తే, నా రెండు చేతులూ వాటంతటవే దగ్గరకొస్తాయి. సిగ్గుపడి విడదీస్తాను. మళ్ళీ దగ్గరకొస్తాయి.