మామ్మ పాడినంతసేపూ

మొన్న గాజువాకలో షేర్ ఆటో ఎక్కాను. మొన్న అంటే నిజంగా మొన్నే; ఆరు నెలల కిందటి సంగతిని కూడా మొన్న అనే అలవాటు మా ఇంట్లో అందరికీ ఉంది గాని నాకు లేదు. పక్కన కూర్చున్న ముసలామె కొంగు ముడిలోంచి గుప్పున పొగాకు వాసన వచ్చింది, కాస్త ఘాటుగా, కాస్త పాకం అడుగంటినట్టుగా. బీడీ కాదు, సిగరెట్టు కాదు, చుట్ట. ఆ వాసనతోపాటు మా మామ్మ, అంటే మా నాన్నను కన్నతల్లి, వచ్చి ఆటోలో నా పక్కనే ఇరుక్కుని కూర్చుంది.

పోర్టు గోడకి ఆనుకుని మా పెంకుటిళ్ళ వరస ఉండేది. ఎండాకాలం ఉప్పుగాలికి తలుపు గొళ్ళేలు తుప్పు పట్టేవి, వానాకాలం ఆ తలుపులే ఉబ్బి మూసుకునేవి కావు, ఓడల్లోకి ఎత్తే ఇనుపరాయి ధూళి అన్ని కాలాల్లోనూ దండెం మీది తెల్లబట్టల్ని కావి రంగుకి తిప్పేది. మధ్యాహ్నం ప్రతి ఇంట్లోనూ ఎండుచేపలు వేగుతుంటే మేం ఆడపిల్లలం అరుగుల మీద గవ్వలాడుకునేవాళ్ళం, మామ్మ చుట్ట కాల్చుకునేది. అదీ అడ్డపొగ. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని పెదాలు మూసేయడమన్నమాట. మా వైపు ఆడవాళ్ళు చాలామంది అలాగే కాల్చేవారు. సముద్రపు గాలికి ఆరదు, రెండు చేతులూ పనికి ఖాళీగా ఉంటాయి, చూసేవాళ్ళకి పొగ కూడా కనబడదు.

ఆ కనబడకపోవడమే మామ్మ కొంప ముంచింది.

తాత పోయాక మామ్మ మా వీధి చివరి తాటాకుల ప్రార్థన మందిరానికి వెళ్ళడం మొదలుపెట్టింది, ఆమె వెనకే మేమంతా. ఆవిడకి ఉన్న కోరికల్లా ఒకటే, బాప్తిస్మం తీసుకోవాలి, అందరితోపాటు ప్రభువు బల్లలో రొట్టె, ద్రాక్షరసం అందుకోవాలి. బాప్తిస్మం లేనివాళ్ళని పళ్ళెం దాటిపోతుంది. అలా దాటినప్పుడల్లా మామ్మ చెయ్యి సగం లేచి మళ్ళీ ఒళ్ళో పడేది. పక్కన కూర్చున్న నాకు ఆ చెయ్యి తప్ప ఇంకేమీ కనబడేది కాదు.

పాస్టరుగారు గోదావరి వైపు మనిషి, అడ్డపొగ సంగతి ఎరగరు. వెనక స్తంభానికి ఆనుకుని పెదవి కదపకుండా వాక్యం వినే మామ్మని చూపించి, "నోటిని ఎలా అదుపులో పెట్టుకోవాలో ఆ తల్లిని చూసి నేర్చుకోండి" అని మిగతా ఆడవాళ్ళకి చెప్పేవారు. వాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకునేవారు.

ఒక ఆదివారం ఆయన ఉన్నట్టుండి, "మామ్మగారూ, ప్రభువు మీకు చేసిన మేలు గురించి రెండు ముక్కలు సాక్ష్యం చెప్పండి" అన్నారు. మామ్మ తల అడ్డంగా ఊపింది. వినయమనుకుని ఆయన దగ్గరికొచ్చారు. "సిగ్గెందుకమ్మా, నోరు తెరవండి."

పెద్దవాళ్ళ మాట కాదనడం తెలియని మామ్మ నోరు తెరిచింది. సాక్ష్యం రాలేదు, పొగ వచ్చింది.

"నిప్పు! నీళ్ళు తెండర్రా!" అని పాస్టరుగారు అరిచారు. ఎవరో కడవతో పరుగెత్తుకొచ్చి తడబడి ఆయన మీదే కుమ్మరించారు. తడిసిన లాల్చీతోనే ఆయన అసలు సంగతంతా విని, "ఇది వదిలితేగాని బాప్తిస్మం ఇవ్వలేనమ్మా" అన్నారు.

"ఒగ్గీయాలనే ఉన్నాది బాబూ. సెయ్యి నా మాట ఇంతాది, నోరే ఇనదు."

"శోధన వచ్చినప్పుడల్లా కీర్తన పాడండి. ప్రార్థన చేసుకుని పాడండి. నిలబెట్టేది ఆయనే."

మామ్మ ఆ మాటను అక్షరాలా పట్టుకుంది. నోట్లో నిప్పుంటే పాడలేం, పాడుతుంటే నిప్పు పెట్టుకోలేం. చుట్ట గుర్తొస్తే చాలు, కీర్తన అందుకునేది. ఆవిడ గొంతు ఓడలో బరువులెత్తే యంత్రానికి నూనె వెయ్యడం మరిచిపోయినట్టుండేది. చిన్న శోధనైతే మా ఇంటివరకూ వినబడేది, అన్నం తిన్న తర్వాతి శోధన మాత్రం వీధి చివరిదాకా. రాగాన్ని బట్టి మామ్మ ఇప్పుడు గెలుస్తోందో ఓడుతోందో వాడంతా చెప్పేసేది.

పక్కింటి అప్పన్న పోర్టులో కలాసీ, రాత్రి డ్యూటీ చేసి పగలు పడుకునే మనిషి. ఒక మధ్యాహ్నం ఎర్రటి కళ్ళతో చుట్టల కట్ట పట్టుకుని వచ్చాడు.

"మామ్మా, నీకు దండమెడతాను. ఒక్కటి కాల్సుకో. నానో గంట తొంగుంతాను. మీ దేవుడికేటి, సెవుడా?"

"దేవుడికి కాదురా నాను పాడతంది, సుట్టకి!" అందిగాని, మామ్మ కళ్ళు మాత్రం ఆ కట్టని వదల్లేదు. ముక్కుపుటాలు అదిరాయి. చెయ్యి ముందుకి లేచింది. అమ్మ రోలు దగ్గర రుబ్బడం ఆపేసింది. మామ్మ కళ్ళు గట్టిగా మూసుకుని, "పెబువా, నన్నొగ్గీకు" అని, అప్పన్న మొహం మీదే పైస్థాయిలో ఎత్తుకుంది. అతను కట్టతో సహా పరుగు పెట్టాడు.

క్రిస్మస్ దగ్గరపడింది. వెదురు బద్దలతో నక్షత్రం కట్టి రంగు కాగితాలు అతికిస్తున్నాం, వంటింట్లో అమ్మ అరిసెలు వత్తుతోంది, బెల్లం పాకం, నువ్వుల వాసన ఇల్లంతా కమ్ముకుంది. నాన్న ఉలిక్కిపడ్డాడు. "అమ్మ పాట ఇనపడ్డం నేదేటే?"

అందరం ఆగిపోయాం. నిజమే, పొద్దుటినుంచీ లేదు. ఇంతలో అప్పన్న లుంగీ ఎగ్గట్టుకుంటూ వచ్చాడు. "మామ్మకేటైనాది? ఈ నిశ్శబ్దానికి నాకు తెలివొచ్చీసింది."

పెరట్లో మామ్మ గోడవైపు తిరిగి కూర్చుని ఉంది. పెదాలు మూసి ఉన్నాయి, బుగ్గ ఉబ్బి ఉంది. నాన్న మొహం పాలిపోయింది.

"అమ్మా, నోరు తెరు."

తల అడ్డంగా ఊపింది. మళ్ళీ అడిగితే మెల్లగా తెరిచింది. అరిసె ముక్క.

"మొదటి వాయి పాస్టరుగారికి పంపాలని నీ పెళ్ళాం ముట్టుకోనియ్యదుగదరా. ఎవులికీ సెప్పకండి" అంది నములుతూ.

"మరి సుట్ట?"

"ఏ సుట్ట?"

అనేసి, నమలడం ఆపింది. అందరి మొహాలూ చూసింది. "పొద్దుట్నించీ దాని ఊసే గుర్తు రానేదురా" అంది చిన్నగా. అరిసె చేతిలోకి తీసి, గోడకి తల ఆనించి, చప్పుడు లేకుండా ఏడ్చింది. అప్పన్న కూడా కళ్ళు తుడుచుకున్నాడు, నిద్ర చాలక అన్నాడు తర్వాత.

బాప్తిస్మం సముద్రంలో ఇచ్చారు. గోదావరికి అలవాటుపడ్డ పాస్టరుగారిని కెరటం పడగొడితే, అప్పుడే మునిగి లేచిన మామ్మే ఆయన్ని రెక్క పట్టుకుని నిలబెట్టింది. తర్వాతి ఆదివారం పళ్ళెం మా వరసకి వచ్చి ఆగింది. మామ్మ చెయ్యి ఈసారి సగంలో ఆగలేదు.

ఆ పెంకుటిళ్ళు ఇప్పుడు లేవు. అడ్డపొగ కాల్చే ఆడవాళ్ళూ దాదాపు లేరు. ఆటోలోని ఆ ముసలామెను మీదీ అడ్డపొగేనా అని అడుగుదామనుకునేలోపే పెందుర్తి బస్సు కోసం దిగిపోయింది. మందిరానికి స్లాబు పడింది, మైకు వచ్చింది. కానీ మా అపార్టుమెంటులో ఎవరు ఏ శోధనతో పోరాడుతున్నారో పక్కవాళ్ళకి వినబడదు, అన్ని తలుపులూ మూసే ఉంటాయి.

నాకిప్పుడు చక్కెర జబ్బు. అరిసెల డబ్బా అలమరలో ఏ అరలో ఉందో నాకు తెలుసని కోడలికి తెలుసు. మామ్మ గొంతే నాకూ వచ్చింది. నేను వంటింట్లో పాడినంతసేపూ కోడలు నిశ్చింతగా టీవీ చూసుకుంటుంది. పాట ఆగితే మాత్రం పరుగెత్తుకొస్తుంది.