వార్తకు వేగపరిమితి కట్టిన ఆచార్యుడు

రాజేశం సార్ ఇక లేరని సూరత్‌లోని బమ్రోలి నుంచి ఆయన కుమార్తె ఫోన్ చేసినప్పుడు నేను తరగతిలో ఆయన సిద్ధాంతాన్నే బోధిస్తున్నాను. అయినా చివరి పంక్తి దాకా రాసి మరీ బయలుదేరాను. సగంలో ఆపితే ఆయన ఊరుకునేవారు కాదు.

సిరిసిల్ల నుంచి సూరత్ వలసవచ్చిన మరమగ్గాల కార్మికుడి బిడ్డ ఆచార్య ఆడెపు రాజేశం. క్వాంటం కణాల వరుసలో ప్రతి కణమూ పక్కదాన్నే ప్రభావితం చేస్తుంది. కనుక ఈ చివరి అలజడి, ఆయన మాటల్లో 'వార్త', ఆ చివరికి చేరడానికి ఒక వేగపరిమితి ఉంటుంది. అది కచ్చితంగా ఎంతో తేల్చడానికి ఆయన తన మేధాశక్తినంతా ధారపోశారు.

ఆయన పదవీ విరమణ చేసిన ఏడాది, ఆయన శిష్యుడినైన నా కంప్యూటర్ లెక్క ఆ సిద్ధాంతాన్ని కూల్చేసింది. పరిమితి చెప్పిన సమయానికి ఎంతో ముందే వార్త చివరి కణానికి చేరిపోతోంది. గుండె రాయి చేసుకుని చూపించాను.

"తప్పు నాదైతే నేనే రాసి ఒప్పుకుంట. జర లింబాయత్ పోయొద్దాం పా," అన్నారు.

ఆయన తండ్రి పనిచేసిన మరమగ్గాల షెడ్డు ఆ పేటలోనే ఉంది. మగ్గాల మోతలో మాట వినపడదు కాబట్టి, ఛాయ్ వచ్చిందన్న కబురును భుజం తట్టి పక్కవాడికి అందిస్తారు. ఆ రోజు కబురు సగం వరుస దాటకముందే చివరి మగ్గం నర్సయ్య గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు.

"నీకెట్ల తెలిసింది నర్సన్నా?" అని సార్ చెవి దగ్గర అరిచారు.

"వరుస గుండ్రంగ తిరిగొచ్చింది గద సార్. మొదటాయన నా యెనకనే ఉంటడు. రెండు దిక్కుల తట్టిండు."

సార్ నా వైపు తిరిగారు. "నీ లెక్కల చివరిదాన్ని మొదటిదానికి కలిపినవా?"

కలిపాను. లెక్క సులువు కావడానికి వరుసను వలయంగా చుట్టడం మా రంగంలో అలవాటు. ఆ ముడి విప్పడం మరిచాను. వార్త పరిమితిని మీరలేదు, దగ్గరిదారిన వచ్చింది. నేను సిగ్గుతో తల దించుకుంటే ఆయన పగలబడి నవ్వారు. "మంచిగ భయపెట్టినవురా. గిట్లనే అడుగుతుండు."

ముడి విప్పి చేస్తే లెక్క ఆయన పరిమితికి లోబడే వచ్చింది. తరువాత దాన్ని వ్యాసంగా పంపితే పరిశోధన పత్రిక పరిశీలకులు జల్లెడ పట్టినా దోషం దొరకలేదు. వ్యాసాన్ని స్వీకరించామన్న ఉత్తరాన్ని ఆసుపత్రిలో ఆయన మంచం పక్కన కూర్చుని చదివాను. "నేను చెప్పలే?" అంటూ మురిసిపోయారు.

తన తప్పు వెతకమని శిష్యుణ్ణి ప్రోత్సహించే గురువు మళ్ళీ నాకు దొరకరు. ఆ లోటు తీరేది కాదు. కానీ సార్, మీ సిద్ధాంతాన్ని పడగొట్టడానికి నాకన్నా గట్టిగా ప్రయత్నించినవాడు లేడు. అది నిలబడింది. ఓడిపోయిన శిష్యుడి సాష్టాంగ నమస్కారం అందుకోండి.