ఇంటి నంబరు రేకు

తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పరాదని ముప్పై ఏళ్లు పిల్లలకు బోధించాను. ఆ తప్పు నేనే చేశాను గనుక దీన్ని రాసి ఉంచడం నా విధి.

తొంభైల మొదట్లో, వాగు పొంగి హాలియా పక్క ఊళ్లు మునిగిన వారానికి, నల్లగొండ బస్సులో నా ముందు సీట్లో ఒకామె కూర్చుంది. ఒళ్లో ఇంటి నంబరు రాసిన రేకు ముక్క ఉంది. ఎక్కడికని అడిగాను.

"బీమా ఆఫీసుకు సారూ. పోయినేడు మా బర్రె సస్తే, చెవుకున్న బిళ్ల తెస్తెనే పైసలన్నరు. చెవు కోసుకపోయి ఇచ్చిన. ఇప్పుడు ఇల్లు కొట్టుకపోయింది. దర్వాజకున్న గీ బిళ్లొక్కటే దొరికింది."

వెనకనుంచి ఎవరో, "నీ ఇల్లు పాలిచ్చేదా అక్కా?" అన్నాడు. బస్సంతా నవ్వింది.

"ఇల్లు లేక పిల్లలు బడిల పంటున్నరు. జర నవ్వుడు ఆపుండ్రి" అన్నదామె.

నేను నవ్వలేదు. "బీమా బర్రెకే, ఇంటికి కాదు. మట్టి ఇళ్లకు వరద బీమా ఉండదు. వెళ్లడం వృథా" అని తరగతిలో చెప్పినట్టు చెప్పాను.

"బర్రెకు లోను ఇచ్చినప్పుడు శాన కాయితాల మీద ఏలిముద్ర ఏయించుకున్నరు సారూ. ఇంటిది గూడ ఉన్నదేమో?"

"ఉండదు."

"సదువుకున్నోళ్లు, మీకెరుకే" అని రేకును కొంగులో చుట్టుకొని, ఆమె తర్వాతి స్టేజీలో దిగిపోయింది. తిరుగు బస్సు కోసం రోడ్డు దాటడం కిటికీలోంచి చూశాను.

ఆ కాగితాలు నేను చూడలేదు. ఆనాడు అటువంటి ఇళ్లకు బీమా ఉండేదో లేదో నేటికీ విచారించలేదు. ఉండేదని ఎరిగినవారుంటే, నా వయసు చూసి మొహమాటపడక, నన్ను సరిదిద్దండి.