ఉమ్మెత్తపువ్వు జాడీ

నా చిన్నప్పుడు మేము మదనపల్లె దగ్గర అంగళ్లు అనే ఊళ్లో ఉండేవాళ్లం. మా పక్కింటి పెద్దమ్మ కుండలతో పాటు పూలజాడీలు కూడా చేసేది. హార్స్‌లీ హిల్స్‌కి వెళ్లే కార్లవాళ్లు ఆగి కొనుక్కునేవారు. ఒకటి సీతాఫలంలా బుడిపెలతో, ఒకటి సొరకాయలా మెడ వంచుకుని, ఇంకొకటి విచ్చిన ఉమ్మెత్తపువ్వులా ఉండేది. గట్టు మీది పువ్వు కోసుకొచ్చి కుండలు తిప్పే సారె పక్కన పెట్టుకుని, దాని ఈనెలు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాయో చూసి చూసి గాని మట్టి ముట్టేది కాదు. బడి లేని రోజుల్లో నేను ఆమె దగ్గరే కూర్చునేదాన్ని.

ఏడో తరగతిలో ఉండగా, మదనపల్లెలోని మా బడిలో డ్రాయింగ్ టీచరు ఎవరి చేత్తో వాళ్లు చేసిన వస్తువు తెమ్మన్నారు. నాకేమీ చేతకాలేదు. అమ్మకు చూపించి తెస్తానని చెప్పి పెద్దమ్మ దగ్గర ఉమ్మెత్తపువ్వు జాడీ తీసుకున్నాను. నువ్వే చేశావా అని టీచరు అడిగితే అవునన్నాను. ఆ ఒక్క మాటతో జాడీ ఆఫీసు గది ముందున్న బల్ల మీదికి చేరింది, పక్కన నా పేరు రాసిన అట్టముక్కతో. పెద్దమ్మకేమో అమ్మ ఇంకా ఇవ్వలేదని చెబుతూ వచ్చాను.

నాలుగు రోజులకు బడికి మొక్కల కుండీలు ఇవ్వడానికి పెద్దమ్మే వచ్చింది. టీచరు నన్ను పిలిచి పక్కన నిలబెట్టి, మీ ఊరి పిల్ల చేసిందట, పనితనం ఎలా ఉందో చెప్పమని ఆమెను అడిగారు. పెద్దమ్మ జాడీ వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది.

"బాగ సేసిండాదమ్మా. పాప సెయ్యి మంచిది," అంది.

అక్కడే తిట్టి ఉంటే ఏడ్చి ఊరుకునేదాన్ని. ఆ మాటకు మాత్రం చెవులు వేడెక్కి తల దించుకున్నాను.

సాయంత్రం పెద్దమ్మ దగ్గరికి వెళ్లాను. ఒక మట్టిముద్ద, ఒక ఉమ్మెత్తపువ్వు నా ముందు పెట్టింది.

"నీ కోసరం అబద్ధం సెప్పినాను. దాన్ని నిజం సేసేది నీ పని."

నెల రోజులు కూర్చున్నాను. అంచు పలచన చేస్తే వాలిపోయేది, మందంగా ఉంచితే గంగాళంలా ఉండేది. ఆఖరికి ఒకటి నిలబడింది, అదీ ఒక పక్కకు ఒరిగి. అంత వంకరదానికే నాకు నెల పట్టిందంటే, ఆమె జాడీ వెనక ఎన్నేళ్లున్నాయో తలచుకుని తల ఎత్తలేకపోయాను. దాన్ని బడికి తీసుకెళ్లి, క్లాసు అంతా వింటుండగా టీచరుకు జరిగింది చెప్పాను. టీచరు రెండు జాడీలూ పక్కపక్కన పెట్టి, ఎవరిదానికి వాళ్ల పేరు నా చేతే రాయించారు.

మరోసారి కుండీలు తెచ్చినప్పుడు పెద్దమ్మ తన జాడీ పక్కనున్న అట్టముక్క దగ్గర ఆగింది. ఆమెకు చదువు రాదు. ఏం రాసుందని అడిగితే, నీ పేరేనని చెప్పాను. చెయ్యి కొంగుకు తుడుచుకుని, అక్షరాల మీద వేలు పెట్టింది.

"నా పేరు ఇట్లుంటాదా," అంది.

ఇప్పుడు నాకు మనవరాళ్లున్నారు. ఈ వయసులోనూ ఎవరైనా నన్ను మెచ్చుకుంటే ముందు చెవులు వేడెక్కుతాయి. అందులో నాది కానిది ఎంత ఉందో వెతుక్కుని, అది ఎవరిదో వాళ్ల పేరు చెప్పిన తర్వాతే తల ఎత్తగలుగుతాను.